కుందేలు మొదటిసారి పిల్లల్ని పెడితే: సమస్య - పరిష్కారం

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా గుంటలు గోలపెడితే శ్రీకాకుళంలో తెల్ల కుందేళ్ల జత కొన్నాం, మొన్న కార్తీకంలో ఆడది ఆరు పిల్లల్ని పెట్టింది. వేలెడంత ఉన్నాయి, ఒంటిమీద వెంట్రుక లేదు, కళ్లు మూసుకునే ఉన్నాయి. మొదటి రెండు రోజుల్లోనే రెండు పోయాయి. ఆ రెండూ దక్కాల్సినవే, అందుకే ఇది రాస్తున్నా.

తల్లి పిల్లల దగ్గరికే పోవట్లేదు

అందరూ ముందు కంగారుపడేది దీనికే. కుందేలు పిల్లిలాగ పిల్లల్ని వేసుకుని పడుకోదు, రోజుకి ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు, అదీ రాత్రో తెల్లారగట్లో వచ్చి మూడు నాలుగు నిమిషాల్లో పాలిచ్చేసి పోతుంది, మనకి కనబడదు. కాబట్టి తల్లిని చూడకండి, పిల్ల పొట్ట చూడండి. పొద్దున్నే ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంటే, పాలు తాగిన పిల్ల పొట్ట బుడగలాగ ఉంటుంది, పల్చటి చర్మంలోంచి లోపల పాలు తెల్లగా కనిపిస్తాయి కూడా. తాగకపోతే పొట్ట లోపలికి పోయి చర్మం ముడతలు పడుతుంది. అలాగుంటే ఒకరు తల్లిని ఒళ్లో పెట్టుకుని నిమురుతుండాలి, ఇంకొకరు పిల్లల్ని చన్నులకి పెట్టాలి. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టదంటారు గానీ మనకి అలవాటైన కుందేలైతే అలాటిదేం లేదు, చేతులు కడుక్కుని దాని గడ్డితో రుద్దుకుంటే చాలు.

మా మొదటి పిల్ల ఈ కంగారులోనే పోయింది. పాలు లేవనుకుని ఆవుపాలు ఫిల్లర్‌తో పోశాం, అదీ వెల్లకిలా పట్టుకుని, పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయి. పోయక తప్పకపోతే పిల్లని బోర్లా ఉంచి, తల కాస్త పైకెత్తి, చుక్క చుక్కగానే, ఏ పాలన్నది పశువుల డాక్టర్ని అడిగాకే.

పిల్ల గూడు బయట చల్లగా పడుంది

పాలు తాగుతుండగా తల్లి ఒక్క గెంతు గెంతితే చన్ను వదలని పిల్ల దాంతోపాటు బయట పడిపోతుంది. పిల్లి అయితే నోట కరుచుకుని తెచ్చుకుంటుంది, కుందేలు తెచ్చుకోదు. మా రెండో పిల్ల తెల్లారేసరికి బోను వైర్ల మీద రాయిలా ఉంది, చచ్చిపోయిందని పారేశాం. వారం తర్వాత ఇంకొకటి అలాగే దొరికితే మా ఆవిడ పారెయ్యనివ్వలేదు, చీర కొంగులో చుట్టి గుండెకి ఆనించుకుని కూర్చుంది, అరగంటకి పిల్ల వెనక కాలు కదిలించింది. ఇప్పుడదే అన్నిటికంటే బలంగా ఉంది. చల్లబడిన పిల్లకి ముందు వేడి, ఆ తర్వాతే పాలు. వేడినీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టినా సరే. గూడు పెట్టెకి అంచు జానెడు ఎత్తు ఉండాలి, తల్లి పీక్కుని పరిచిన బొచ్చు తీసెయ్యకండి, పిల్లలకి అదే దుప్పటి.

ఎర్ర చీమలు

బోను కాళ్ల కింద నీళ్లు పోసిన డబ్బాలు పెట్టండి. చీమలమందు చల్లొద్దు.

తల్లి పిల్లని కొరికేసింది

మొదటి కాన్పులో భయం వల్ల, నీళ్లు చాలక జరుగుతుంది. కుక్కలు, పిల్లులు, జనం అటు రాకూడదు, నీళ్లు అస్తమానూ ఉండాలి. చచ్చిన పిల్ల ఉంటే బేగి తీసెయ్యండి.

కళ్లు తెరవట్లేదు

10 నుంచి 12 రోజులకి తెరుస్తాయి. 14 రోజులైనా పుసి అంటుకుని ఉంటే కాచి చల్లార్చిన నీళ్లలో దూది తడిపి మెల్లగా తుడవండి, లాగొద్దు. చీముంటే డాక్టరే.

నెల పిల్లలకి విరేచనాలు

ముద్దుకొద్దీ క్యాబేజీ, బిస్కెట్లు, అన్నం పెట్టేస్తాం, ఒక్కసారిగా మేత మారితే వాటి కడుపు తట్టుకోదు. ఎండుగడ్డి, గరిక చాలు, ఆకుకూర కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలి, ఆరు వారాలదాకా తల్లి నుంచి విడదీయొద్దు. నీళ్లలా పోతుంటే మాత్రం ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి, మెడికల్ షాపులో అమాక్సిసిలిన్ కొని నోట్లో వెయ్యకండి, మనుషులకి మంచిదే గానీ కుందేలుకి ప్రాణాంతకం.

ఇంకొకటి, పిల్లలు పుట్టకముందే మగదాన్ని వేరే బోనులో పెట్టెయ్యండి. ఆడది ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు, నెల తిరిగేసరికి ఇంకో కాన్పు వచ్చేస్తే, ఈ పిల్లలకి పాలూ ఉండవు, దానికి ఒంట్లో ఓపికా ఉండదు.