రాతిలో సముద్రాన్ని చదవడం - 4వ పాఠం: ఊపిరాడని నీళ్లు

ముందుగా పోయిన పాఠం హోంవర్క్ చూద్దాం: పెర్మియన్ యుగం చివర సముద్రం ఎన్ని డిగ్రీలు వేడెక్కింది? శిలాజంలో బరువైన ఆక్సిజన్ (ఆక్సిజన్-18) వాటా వెయ్యికి 1 వంతు తగ్గితే నీళ్లు సుమారు 4 డిగ్రీలు వేడెక్కినట్టు లెక్క. చైనాలోని మీషాన్ రాళ్లలో, పెర్మియన్ యుగం ముగిసే చోట, కోనోడాంట్లనే ఈల్ చేపలాంటి చిన్న సముద్ర జీవుల పళ్లలో ఆ తగ్గుదల వెయ్యికి దాదాపు 2 వంతులు. కాబట్టి జవాబు 8 డిగ్రీలు.

ఇది సుమారు 25.2 కోట్ల ఏళ్ల కిందటి సంగతి. సైబీరియాలో పొంగిన శిలాద్రవం దారిలోని బొగ్గు పొరలను కూడా కాల్చి, గాలిని కార్బన్ డయాక్సైడ్‌తో నింపింది. సముద్ర జీవజాతుల్లో 80 శాతానికి పైగా అంతరించాయి. కానీ వేడి ఒక్కటే అంత పని చేయలేదు. ఎందుకో మీ చేత్తోనే చేసి చూడండి.

గాజు గ్లాసులో సగం దాకా ఫ్రిజ్ నీళ్లు పోయండి. ఏప్రిల్ మధ్యాహ్నం హైదరాబాద్‌లో గీజర్‌తో పనేముంది, మిద్దె మీది ట్యాంకు నీళ్లే కాలిపోతుంటాయి. వాటిలో రెండు చుక్కల సిరా కలిపి, చెంచా మీదుగా మెల్లగా గ్లాసులోకి వంచండి. రంగు నీళ్లు పైనే నిలుస్తాయి. పైనుంచి మెల్లగా ఊదండి. పై పొర కదులుతుంది గానీ కిందికి రంగు దిగదు. ఇప్పుడు తిరగేసి, వేడినీళ్ల మీద రంగు కలిపిన చన్నీళ్లు పోయండి. రంగు తీగలు తీగలుగా అడుగుకు జారిపోతుంది.

ఈ రెండోదే నేటి సముద్రం. ఉత్తర అట్లాంటిక్‌లో, అంటార్కిటికా చుట్టూ చల్లబడి బరువెక్కిన నీళ్లు మునుగుతూ, గాలి నుంచి కరిగించుకున్న ఆక్సిజన్‌ను అడుగుకు మోసుకెళ్తాయి. ధ్రువాలు వేడెక్కితే ఆ దిగుడు మందగిస్తుంది. పైగా వేడినీళ్లు పట్టుకునే ఆక్సిజనే తక్కువ: 0 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకు 14.6 మిల్లీగ్రాములుంటే, 30 డిగ్రీల దగ్గర 7.5. అదే వేడికి జీవుల ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే: అవసరం పెరిగిన వేళే సరఫరా పడిపోయింది.

దీన్ని రాతిలో ఎలా పట్టుకోవాలి? నల్లటి షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన రాయి) పలక అంచు చూడండి. పొరలు చెదరకుండా సన్నగా ఉంటే, ఆ బురదను తొలిచే పురుగులు లేవన్నమాట, బహుశా ఆక్సిజన్ అందక. సూక్ష్మదర్శినిలో 5 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూఇటూ ఉన్న పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గుళికలు గుంపులుగా కనిపిస్తే అనుమానం బలపడుతుంది. ఆక్సిజన్ లేక నీళ్లలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు చేరినచోటే అవి అంత చిన్నవిగా రాలతాయి.

ఒక జాగ్రత్త. మన ఇళ్లలో పరిచే తాండూరు బండ కూడా సముద్రంలో పేరుకున్న సున్నపురాయే. దాని అంచున పొరలు చక్కగా కనబడతాయి, బొరియలుండవు. అంత మాత్రాన అక్కడ ఆక్సిజన్ లేదనకండి. బురదను తొలిచే జంతువులు ఇంకా రాని కాలపు రాయి అది. అందుకే ముందు రాతి వయసు, తర్వాతే బొరియల లెక్క.

వచ్చే పాఠానికి తాండూరు బండ ముక్క అంచును తడిపి, భూతద్దంతో చూసి పొరలు గీసి పెట్టుకోండి.