బీన్స్ ఆకుల మీద పసుపు వలయాలా? ముందు ఇవి చూడండి

బీన్స్, రాజ్మా ఆకులు పసుపు రంగుకు తిరగగానే చాలామంది చూపు యూరియా సంచి మీదికే పోతుంది. చలి రోజుల్లో అయితే కాస్త ఆగండి. హేలో బ్లైట్ అనే బాక్టీరియా తెగులు సోకితే ఆకును పాలిపోయేలా చేసేది పోషక లోపం కాదు, ఆ బాక్టీరియా వదిలే విషం.

లక్షణం: సూదిమొనంత మచ్చ, చుట్టూ వెడల్పాటి లేత పసుపు వలయం

ఆకు అడుగు భాగాన్ని వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడండి. మచ్చ నీళ్లు ఇంకినట్టు, నూనె మరకలా కనిపిస్తే అనుమానం బాక్టీరియా మీదికే వెళ్లాలి. వేలితో రుద్దితే తుప్పు రంగు పొడి అంటుకుంటోందా? అది తుప్పు తెగులు, శిలీంధ్రం పని.

కారణం సూడోమోనాస్ సిరింజే అనే బాక్టీరియాలో ఫాసియోలికోలా అనే రకం. 1926లో అమెరికాలో బర్ఖోల్డర్ అనే శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు. వాన చినుకులతో, స్ప్రింక్లర్ నీళ్లతో చింది, ఆకు రంధ్రాల్లోంచి లోపలికి దూరుతుంది. మచ్చలో బాక్టీరియా ఉంటుంది. వలయం మొత్తాన్ని మాత్రం అది ఆక్రమించదు, అక్కడిదాకా పాకేది అది వదిలే ఫాసియోలోటాక్సిన్ అనే విషం. ఆకు తనకు కావలసిన ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారు చేసుకోవాలంటే ఆర్నిథిన్‌ను సిట్రులిన్‌గా మార్చే ఎంజైము పనిచేయాలి. మొక్క ఎంజైములే ఈ విషాన్ని కొంత కత్తిరించి మరింత మొండి రూపంలోకి మారుస్తాయి, అది ఆ ఎంజైముకు అతుక్కుంటే ఇక వదలదు. ఆర్నిథిన్ పేరుకుపోతుంది, ఆర్జినిన్‌కు కరువొస్తుంది, ఆకు పాలిపోతుంది. మరి బాక్టీరియాకూ ఆర్జినిన్ కావాలి కదా? ఈ విషానికి లొంగని ఎంజైము ఒకటి దాని దగ్గర విడిగా ఉంది. గడుసుదే!

పరిష్కారం: మచ్చలున్న మొక్కలు కొన్నే అయితే పీకి పొలం బయట కాల్చేయండి. ఆకులు తడిగా ఉన్నప్పుడు సాళ్లలో తిరగొద్దు, కాయ కోయొద్దు. మన చేతులూ బట్టలే దాన్ని మోస్తాయి. నీళ్లు పైనుంచి చల్లకుండా మొదలుకే పెట్టండి.

లక్షణం: చిగురాకుల్లో మచ్చ లేదు, అయినా మొత్తం లేత పసుపు

నత్రజని తగ్గితే ముందు పసుపెక్కేది కింది ఆకులు. మొజాయిక్ వైరస్ అయితే ఆకుపచ్చ, పసుపు కలగలిసిన మరకలు వస్తాయి. ఇక్కడ కొత్త ఆకు అంతా ఒకే తీరుగా పాలిపోయి కిందికి ముడుచుకుంటుంది. కింద ఆకుల్లోనో కాండం మీదో మచ్చలు వెతకండి, అక్కడ తయారైన విషమే పైకి చేరింది. యూరియా వేసినా తేరుకోదు. ఆ మొక్కను తీసేయడమే మేలు.

లక్షణం: పెద్ద గోధుమ రంగు మచ్చలు, సన్నటి నిమ్మపసుపు అంచు

ఇది వేరే బాక్టీరియా, జాంథోమోనాస్. దానికి 28 నుంచి 32 డిగ్రీల వేడి ఇష్టం. మైదానాల్లో వెచ్చటి రోజుల్లో బీన్స్ వేసినవాళ్లు ముందు దీన్నే అనుమానించాలి. జాగ్రత్తలు దాదాపు అవే.

లక్షణం: మందు కొట్టినా పసుపు పోలేదు

పోదు. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదట్లోనే కొడితే ఆకు మీది బాక్టీరియాను అణచి, కొత్త ఆకులకు పాకడాన్ని తగ్గిస్తుంది. లోపలికి దిగిపోయిన విషాన్ని ఏమీ చేయలేదు. అందుకే మందు పనిచేసిందా లేదా అన్నది పాత ఆకుల్లో కాదు, తర్వాత వచ్చే ఆకుల్లో చూడాలి. కార్బెండజిమ్ శిలీంధ్రాల మందు, దీనికి దండగ. యాంటీబయాటిక్ జోలికి పోకపోతేనే నయం, బాక్టీరియా దానికి త్వరగా అలవాటు పడుతుంది.

అన్నట్టు, విత్తనానికి పట్టించే సూడోమోనాస్ పొడి వల్ల ఈ తెగులు రాదు. అది ఫ్లోరెసెన్స్, ఇంటిపేరు ఒకటే అయినా మనిషి వేరు.

లక్షణం: ఎండలు ముదిరాక వలయాలు మాయం

తెగులు పోయిందని సంబరపడొద్దు. ఈ బాక్టీరియా విషం తయారు చేసేది 18-20 డిగ్రీల చల్లదనంలో, 28 దాటితే దాదాపు మానేస్తుంది. వలయం లేని మచ్చల్లో బాక్టీరియా అలాగే ఉండి, కాయలోకి, గింజలోకి చేరుతుంది. గింజ పైకి నిగనిగలాడుతూనే ఉండొచ్చు. పాడేరు, చింతపల్లి వైపు రాజ్మా వేసేవాళ్లైనా, చలిదేశాల్లో పెరట్లో బీన్స్ పెంచుకునే మనవాళ్లైనా అలాంటి చేను నుంచి విత్తనం దాచొద్దు. పంట చెత్తను లోతుగా దున్నేసి, రెండేళ్లపాటు అక్కడ మొక్కజొన్న లాంటిది వేయండి. విత్తనం మాత్రం పొడి వాతావరణంలో పండింది కొనండి. అమెరికాలో బీన్స్ విత్తనానికి ఐడహో రాష్ట్రానికి పేరు రావడానికి ఒక కారణం అదే: అక్కడ పంటకాలంలో వాన తక్కువ.