దడుపు నెల దాటినా దిగకపోతే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి

పిల్లవాడు దడుసుకున్నాడంటే మన వైపు ముందు చేసే పని దర్గాకో, ఆంజనేయస్వామి గుడికో తీసుకెళ్లి తాడు కట్టించడం. అందులో తప్పేం లేదు. తన గురించి పట్టించుకునేవాళ్లు ఉన్నారన్న ధైర్యం వాడికి వస్తుంది. చాలా దడుపులు రెండు మూడు వారాల్లో వాటంతటవే దిగిపోతాయి కూడా. చిక్కల్లా దిగనివాటితోనే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. అలాంటి వరదలో డాబా మీద రోజులు గడిపిన మనిషి, ఇల్లు కడిగించి, సున్నాలు వేయించి, కొత్త ఫ్రిజ్ కొన్నాక కూడా వాన చప్పుడు వినపడగానే అర్ధరాత్రి లేచి, లైటు వేసుకుని, కింది మెట్టు తడిసిందేమోనని చేత్తో తడిమి చూస్తున్నాడనుకోండి. దాన్ని పిరికితనం అని కొట్టిపారేయకూడదు.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు మెదడులో అపాయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం విజృంభిస్తుంది. ఏది ఎప్పుడు, ఎక్కడ జరిగిందో వరసపెట్టి దాచుకునే హిప్పోక్యాంపస్ పని ఆ సమయంలో కుంటుపడుతుంది. అందుకే ఆ జ్ఞాపకం ‘పోయినేడు జరిగింది, అయిపోయింది’ అన్న ముద్ర పడకుండా వాసనగా, చప్పుడుగా, ఒంట్లో వణుకుగా మిగిలిపోతుంది. బురద వాసన తగిలితే చాలు, ఇప్పుడే జరుగుతున్నట్టు గుండె దడదడలాడుతుంది. పాలవాడికీ దొంగకీ ఒకేలా మొరిగే కుక్కలాంటిది ఈ భయం. మరిచిపొమ్మని చెబితే మరవదు. ఇది పాలవాడేనని దానికి పదే పదే చూపించాలి.

గమనించాల్సినవి ఇవి: పీడకలలు, మెలకువలోనే ఆ దృశ్యం కళ్లముందు ఆడటం, ఆ చోటునీ, ఆ మాటనీ తప్పించుకు తిరగడం, ఎవరి మీదా ప్రేమ పుట్టకపోవడం, ‘నావల్లే జరిగింది’, ‘వాళ్లు పోయి నేనెందుకు మిగిలాను’ అనుకోవడం, చీటికీమాటికీ ఉలిక్కిపడటం, కసురుకోవడం, నిద్ర పట్టకపోవడం. ఇవి ఒక నెల దాటి కొనసాగుతూ, ఉద్యోగాన్నో సంసారాన్నో దెబ్బతీస్తుంటే డాక్టర్లు పీటీఎస్‌డీ అంటారు, అంటే పెద్ద దెబ్బ తగిలాక మనసులో దిగకుండా మిగిలిపోయే ఒత్తిడి జబ్బు. నెలలోపు ఉంటే అది తీవ్ర ఒత్తిడి మాత్రమే కావచ్చు. యుద్ధానికి వెళ్లొచ్చిన సైనికులకే వస్తుందనుకోవద్దు. రోడ్డు ప్రమాదం, కాన్పు కష్టం కావడం, ఐసీయూలో గడపడం, ఇంట్లో దెబ్బలు, చిన్నప్పటి లైంగిక వేధింపు, ఇవన్నీ కారణాలే. కొందరిలో ఆలస్యంగా, ఏళ్ల తర్వాత కూడా బయటపడుతుంది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన నాటికి పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లు. ఉద్యోగం, బాధ్యతలు తీరి ఖాళీ దొరికాక పాత భయం పైకి తేలడం అసాధ్యమేమీ కాదు.

మన దగ్గర ఇది తరచూ ఒంటి జబ్బు వేషంలో వస్తుంది. కడుపులో మంట, తలనొప్పి, ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, వీటికి గుంటూరు కొత్తపేటలోనో బెజవాడ సూర్యారావుపేటలోనో డాక్టరు తర్వాత డాక్టరుని చూపిస్తారు. ఈసీజీ, ఎండోస్కోపీ, స్కానింగ్ అన్నీ నార్మల్. ఒంటి పరీక్షలు ఒకసారి చేయించాల్సిందే, అనుమానం లేదు. కానీ రెండోసారి కూడా నార్మల్ వస్తే మూడో స్కానింగుకి డబ్బు కట్టేముందు, ఈ నొప్పి ఎప్పుడు మొదలైందో, దానికి ముందు ఏం జరిగిందో అడగండి.

మొదటి వారం

తిండి, నిద్ర, ఫోన్ ఛార్జింగ్, తనవాళ్లతో మాట్లాడే వీలు: మొదట కావాల్సినవి ఇవే. జరిగింది చెప్పమని బలవంతపెట్టకండి. పరామర్శకు వచ్చిన ప్రతి బంధువూ ‘అసలు ఎట్లా జరిగిందమ్మా?’ అని మొదటినుంచీ చెప్పించుకుంటారు. ఇంట్లో ఒకరు గుమ్మం దగ్గరే ఆ ప్రశ్న అడ్డుకోవాలి, మర్యాద తర్వాత సంగతి. ఇష్టం లేకుండా అంతా కక్కించడం వల్ల మేలు జరగదు, కొందరికి కీడే జరుగుతుంది. తానుగా చెబితే మాత్రం మధ్యలో అడ్డుపడకుండా, ‘నయం, ఇంతటితో పోయింది’ అనకుండా వినండి.

మెడికల్ షాపులో అడిగి ఆల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు తెచ్చి వేయకండి. ఆ రాత్రికి నిద్రపడుతుంది, కానీ అలవాటవుతుంది, కోలుకోవడమూ ఆలస్యమవుతుంది. మద్యం తాగడమూ అంతే.

ఆ క్షణం వచ్చినప్పుడు

మనిషి ఒక్కసారిగా బిగుసుకుపోయి, చూపు ఎక్కడో నిలిచిపోతే వెనకనుంచి వెళ్లి పట్టుకోకండి, కుదపకండి. ఎదురుగా, రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి పేరు పెట్టి పిలవండి. ‘అన్నయ్యా, నేను లక్ష్మిని. మనం గుంటూరులో పిన్ని వాళ్లింట్లో ఉన్నాం. ఇవాళ మంగళవారం. నీళ్లు లేవు’ అని మెల్లగా రెండు మూడుసార్లు చెప్పండి. కనిపించే వస్తువులు ఐదు, తాకగలిగేవి నాలుగు, వినిపించే చప్పుళ్లు మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి, తనతోనే చెప్పించండి. తర్వాత ఊపిరి: నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, ఐదు నిమిషాలు. వదిలే ఊపిరి పొడుగ్గా ఉండటమే కీలకం. గట్టిగా, వేగంగా పీలిస్తే తల తిరిగి భయం పెరుగుతుంది. దీన్ని నెమ్మదిగా ఉన్నప్పుడే రోజూ రెండుపూటలా సాధన చేయాలి. పరీక్ష రోజున పుస్తకం తెరిస్తే ఏం లాభం?

పీడకలతో అరుస్తుంటే లైటు వేసి, కాళ్లవైపు నిలబడి పిలవండి. అదే కల మళ్లీ మళ్లీ వస్తుంటే పగలు దాన్ని కాగితం మీద రాయించి, ముగింపు తనకు నచ్చినట్టు మార్పించి, ఆ కొత్త కలను రోజూ పది, పదిహేను నిమిషాలు మనసులో ఊహించుకోమనాలి.

పిల్లలు బకెట్లో బొమ్మలు ముంచుతూ వరద ఆట ఆడతారు. ఆడనివ్వండి. ప్రతిసారీ బొమ్మ మునిగిపోవడంతోనే ఆట ఆగిపోతుంటే పక్కన కూర్చుని ఒక కాగితం పడవ వదలండి. మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలైతే కొట్టకండి, నలుగురిలో చెప్పకండి. ఫోన్లో వరద వీడియోలు పెట్టడం మానండి.

మెట్టు మెట్టుగా

తప్పించుకు తిరిగేకొద్దీ భయం బలుస్తుంది. ఉదాహరణకు గుంటూరు మనిషి హైవే మీద బైకు ప్రమాదం తర్వాత బైకు ముట్టుకోవడం లేదనుకుందాం. భయాన్ని సున్నా నుంచి పది దాకా కొలవమనండి. వాకిట్లో బైకు స్టార్ట్ చేసి కూర్చోవడం మూడు కావచ్చు. వెనక కూర్చుని బ్రాడీపేట చుట్టి రావడం నాలుగు. పెదకాకాని దాకా వెనక కూర్చుని వెళ్లడం ఆరు. తానే నడుపుతూ కాజ టోల్‌గేట్ దాటడం ఎనిమిది. వారధి దాటి బెజవాడ చేరడం పది. మూడుతో మొదలుపెట్టి, భయం సగానికి దిగేదాకా అక్కడే ఉండాలి. అరగంటో, నలభై నిమిషాలో పట్టవచ్చు. భయం ఎనిమిదిలో ఉండగా దిగి పారిపోతే ‘పారిపోబట్టే బతికాను’ అని ఒళ్లు నేర్చుకుంటుంది, మర్నాడు ఇంకా కష్టం. ఇంట్లో చేయదగ్గది చిన్న భయాలకే. హింసకు, వేధింపుకు గురైనవాళ్లని వాళ్లని హింసించిన మనిషి ఎదుటికి పంపడం ఈ పద్ధతి కిందికి రాదు. అది మళ్లీ గాయం చేయడమే.

నెల దాటితే

ట్రామా, అంటే మనసుకి తగిలిన గాయం మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచననీ నడతనీ మార్చుకోవడం నేర్పేది), ఈఎండీఆర్ (ఆ జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లు అటూ ఇటూ కదిలించేది) అనే మాటల చికిత్సలకు మంచి ఆధారాలున్నాయి. మామూలుగా ఎనిమిది నుంచి పదిహేను సిట్టింగులు, ఒక్కొక్కటి గంట నుంచి గంటన్నర పడతాయి. మొదటి రెండు మూడు సిట్టింగుల తర్వాత కలలు పెరిగాయని చాలామంది మానేస్తారు. అక్కడ మానకుండా ఆ సంగతే డాక్టరుకి చెప్పాలి. మందుల్లో సెర్ట్రలిన్ లాంటివి డాక్టరు రాస్తారు. మొదటి వారం వికారం ఉండొచ్చు, గుణం కనపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తగ్గిందని మధ్యలో ఆపేయకూడదు.

‘బతికి ఏం లాభం’ అన్న మాట వస్తే ఆ నెల దాకా ఆగొద్దు. మనది పత్తి, మిర్చి సాగు ప్రాంతం కాబట్టి ముందు పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి, ఒంటరిగా వదలకండి, నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో హింస ఉంటే మహిళలకు 181, పిల్లలకు 1098.

ఖర్చు పెట్టలేకపోతే విజయవాడ, గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ రాయించుకోండి. రద్దీలో డాక్టరు ముందు మాట తడబడుతుంది, అందుకే ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకెళ్లండి: ఏం జరిగింది, ఎప్పుడు, రాత్రికి ఎన్ని గంటల నిద్ర, ఏయే పనులు మానేశారు. పాత మందుల చీటీలు కూడా పట్టుకెళ్లండి. రోగి పక్కన ఇంటివాళ్లు ఒకరు ఉండాలి, కానీ కాసేపు బయటికి వెళ్లమంటే వెళ్లిపోవాలి. కొన్ని మాటలు ఇంటివాళ్ల ఎదుట రావు.