పండుగకు ఘాట్ దిగే ముందు ఫోన్‌ను ఏం చేయాలి?

ఒడిశాలోని జయపురం నుంచి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి కారులో విజయనగరం బయలుదేరితే దారిలో రెండు ఘాట్‌లు తగులుతాయి: కొరాపుట్‌కు ఎక్కేది ఒకటి, పొట్టంగి దాటాక సుంకి మీదుగా సాలూరుకు దిగేది మరొకటి. నడిపేవారి దృష్టి చెదరకుండా చూసుకునే పని ఆ మలుపుల్లో కాదు, ఇంటి గుమ్మంలోనే మొదలుకావాలి, ఎందుకంటే, నేను చూసినంతలో, ఆ సమయంలో మోగే ఫోన్ పరాయివారిది కాదు, "ఎక్కడిదాకా వచ్చారు?" అని అడిగే అత్తవారిదే.

కాబట్టి బయలుదేరే ముందే వారికి ఫోన్ చేసి, సాలూరులో ఆగి మేమే మాట్లాడతామని, మధ్యలో ఎత్తకపోతే కంగారు పడవద్దని చెప్పండి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్‌ను 8 గంటలకు పెట్టి పంపితే చాలావరకు ఆ ప్రశ్నే రాదు. అయితే కొండల్లో సిగ్నల్ పోయినప్పుడు మ్యాప్‌లో మన చుక్క కదలదని కూడా చెప్పాలి, లేకపోతే అదే మరో పది ఫోన్లు తెచ్చిపెడుతుంది. ఆ తర్వాత ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టి పక్క సీటులోని వారికి ఇచ్చేయండి. ఒంటరిగా వెళ్తుంటే డ్యాష్‌బోర్డు అరలో పెట్టి మూసేయండి.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు సెకనుకు 11 మీటర్లు సాగుతుంది. ఫోన్ ఎవరిదో చూడడానికి మూడు సెకన్లు తల దించితే 33 మీటర్లు, అంటే సుమారు మూడు లారీల పొడవు, రోడ్డు చూడకుండా వెళ్ళినట్టే. ఘాట్‌లో అంతలోనే మలుపు తిరిగి, బరువుతో ఎక్కుతున్న లారీ ఎదురుపడవచ్చు. బ్లూటూత్‌లో మాట్లాడితే చేతులు ఖాళీగా ఉంటాయన్నది నిజమే గానీ, పొలం పంపకాల మీద వాదిస్తున్న మనసు ఖాళీగా ఉండదు.

ఫోన్ ఒక్కటే కాదు, నీళ్ళ సీసా విషయంలోనూ జాగ్రత్త: దాన్ని డ్రైవరు కాళ్ళ దగ్గర పెట్టకండి. ఒకసారి సుంకి దిగువన నా బ్రేకు సగంలో ఆగిపోయింది. వంగి చూస్తే పెడల్ కింద లీటరు సీసా నలిగి ఉంది.

2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం, నడుపుతూ ఫోన్ చేత పట్టుకుని వాడడం ప్రమాదకర డ్రైవింగ్ కిందకు వస్తుంది. మొదటి తప్పుకు ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గానీ, 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. దారి చూసుకోవడానికి, ఏకాగ్రత చెదరనంత వరకు, 2020 నుంచి నిబంధనల్లో వెసులుబాటు ఉంది. ఫోన్‌ను అలా వాడాల్సి వస్తే స్టాండు బిగించి, మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకుని, చూడడం కంటే వినడం మేలు.

తప్పనిసరిగా మాట్లాడవలసి వస్తే మలుపు మీద ఆపకండి. రోడ్డు వెడల్పుగా, రెండు వైపులా దూరం దాకా కనిపించే చోట బండిని పూర్తిగా పక్కకు దించి, నాలుగు ఇండికేటర్లూ వేసి, హ్యాండ్‌బ్రేకు లాగాకే ఫోన్ తీయండి.