స్లావిక్ కోడలి మూలం వెతికే పద్ధతి

రష్యన్‌లో కొడుకు భార్యను మామగారి వరసలో ‘స్నొఖా’ అంటారు, పలికేటప్పుడు ‘స్నఖా’. దీని మూలం తెలియాలంటే ముందు స్లావిక్ భాషలలోని దగ్గరి చుట్టాలను పోగుచేయండి. బల్గేరియన్‌లో, సెర్బియన్‌లో ‘స్నహా’. స్లావిక్ భాషలలో అతి పాత రాతలున్న ప్రాచీన చర్చి స్లావోనిక్‌లో మొదటి అచ్చు అతి పొట్టిది, పాత హ్రస్వ ఉకారానికి మిగులు. అలా ‘స్నుఖా’ దాకా చేరతాం.

ఇప్పుడు స్లావిక్ బయటి దూరపు చుట్టాల దగ్గరికి రండి: సంస్కృతంలో ‘స్నుషా’, లాటిన్‌లో ‘నురుస్’, గ్రీకులో ‘నుఓస్’. పోలిక చూసి సంబరపడిపోకండి, ప్రతి హల్లుకూ లెక్క అడగండి. నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఇదే. ఇ, ఉ, ర, క తర్వాత వచ్చిన పాత సకారం స్లావిక్‌లో ఖకారమైంది, సంస్కృతంలో షకారమైంది. అచ్చుల నడుమ లాటిన్ దాన్ని రేఫం చేసింది, గ్రీకు జారవిడిచింది. నకారం ముందున్న సకారాన్ని ఆ రెండూ పోగొట్టుకున్నాయి. లెక్క సరిపోయింది కనుక ఈ భాషలన్నిటి ఉమ్మడి మూలరూపం ‘స్నుసొస్’.

చివరి ‘ఒస్’ మగపదంలా కనిపించినా కంగారు వద్దు. గ్రీకు దాన్ని అలాగే ఉంచి, లాటిన్ ‘ఉస్’ చేసుకుని, రెండూ స్త్రీలింగంగానే వాడాయి. స్లావిక్, సంస్కృతం ఆకారాంతం చేసుకున్నాయి.

కొడుకు అనే అర్థమున్న ‘సూను’తో దీన్ని ముడిపెట్టేవారున్నారు. అక్కడి మొదటి ఊకారం ఎలా పోయిందో చెప్పనిదే నేను ఒప్పుకోను.