అస్వస్థుడైన సంగీతకారుడి గౌరవ కచేరీ: చూసినదాన్ని ఎలా రాయాలి

2025 జులై 5న ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరంలో, విల్లా పార్క్ ఫుట్‌బాల్ మైదానంలో, రాక్ గాయకుడు ఓజీ ఓస్బోర్న్ నల్లని సింహాసనం మీద కూర్చుని పాడారు. తనకు పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నదని ఆయన 2020 జనవరిలోనే బహిరంగంగా చెప్పారు. నడవడం కష్టమైపోయింది కాబట్టి ఆ సింహాసనమే వేదిక అడుగునుంచి పైకి లేచి ఆయనను జనం ముందుకు తెచ్చింది. మెటాలికా, గన్స్ ఎన్ రోజెస్, స్లేయర్, టూల్, పాంటెరా వంటి బృందాలు అంతకుముందు గంటల తరబడి ఆయన పాటలనూ, ఆయనకు పేరు తెచ్చిన బృందమైన బ్లాక్ సబ్బత్ పాటలనూ, వాటితోపాటు తమ పాటలనూ వినిపించి, చివరికి వేదికను ఆయనకు అప్పగించాయి. మైదానంలో ఉన్నవారూ, దూరదేశాల్లో తెర మీద చూసినవారూ ఆ రాత్రే తమకు కలిగినదాన్ని రాసి పంచుకోవడం మొదలుపెట్టారు. 17 రోజుల తర్వాత, జులై 22న, ఓజీ మరణించారు.

ఆ 17 రోజులను మనసులో పెట్టుకునే ఈ సూచనలు రాస్తున్నాను. ఆ రోజుల్లో అభిమానులు రాసిన ప్రతి మాటా ఆయన చదవగలిగిన మాట, లేదా ఇంట్లోవాళ్ళు ఆయన పక్కన కూర్చుని చదివి వినిపించగలిగిన మాట. జబ్బుతో ఉన్న కళాకారుడి గౌరవార్థం జరిగిన కచేరీ గురించి రాసేవారు అన్నిటికంటే ముందు పట్టుకోవలసిన సంగతి ఇదే: మీ పాఠకుల్లో ఆ కళాకారుడూ ఉన్నాడు. మామూలు కచేరీ సమీక్షలో ఈ మాట మరిచిపోయినా పెద్ద నష్టం లేదు. ఇక్కడ మాత్రం ఉంది.

కచేరీ నడుస్తుండగా ఏమీ రాయకండి. అది ముగిసిన గంటలోపు, ఇంకా చెవుల్లో హోరు ఉండగానే, కాగితం మీదో ఫోన్‌లోనో గుర్తులు వేసుకోండి: ఏ పాట తర్వాత ఏ పాట వచ్చింది, ఎవరు పాడారు, ఎక్కడ మీకు గొంతు పట్టేసింది, పక్కనున్న మనిషి అప్పుడు ఏం చేశాడు. మర్నాటికి భావం మిగులుతుంది గాని, ఆ భావాన్ని పుట్టించిన చిన్న వివరం జారిపోతుంది. చదివేవారికి కావలసింది ఆ వివరమే. విల్లా పార్క్‌లో ఓజీ మొదట తన సొంత బృందంతో 5 పాటలు, ఆ తర్వాత బ్లాక్ సబ్బత్ పాత మిత్రులతో 4 పాటలు పాడారు. ఈ వరుసను రాసుకున్నవారు ‘రెండో విడతలో డ్రమ్స్ దగ్గర వాళ్ళ పాత డ్రమ్మర్ బిల్ వార్డ్‌ను చూడగానే నాకు కన్నీళ్ళు ఆగలేదు’ అని రాయగలరు. రాసుకోనివారు ‘అద్భుతం, మాటలు చాలవు’ అన్న దగ్గర ఆగిపోతారు. ‘మాటలు చాలవు’ అన్న మాటతో ఏ స్పందననూ మొదలుపెట్టవద్దని నా మనవి, ఎందుకంటే మాటల కోసమే కదా పాఠకుడు మీ దగ్గరికి వచ్చింది.

మీరు ఎక్కడ కూర్చుని చూశారో మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పండి. మైదానంలో లేకపోవడం తక్కువతనం కాదు. ఆ కచేరీ ప్రసారం కొంత ఆలస్యంగా నడిచింది, మన దేశంలో చూసినవారికి ఓజీ పాట అర్ధరాత్రి దాటాక వినిపించింది. ఇంటిల్లిపాదీ నిద్రపోతుంటే చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా చూసిన మనిషి అనుభవం మైదానంలో నిలబడిన మనిషి అనుభవం కంటే వేరు, కానీ అది కూడా అంతే నిజం. అయితే తెర మీద చూసినదాన్ని ఎదురుగా చూసినట్టు రాయకండి. కెమెరా చూపించినదే మీరు చూశారు, దాని పక్కనున్నది చూడలేదు.

ఇక భాష సంగతి. తెలుగులో రాసేవారికి అన్నిటికంటే పెద్ద చిక్కు ఇక్కడే ఉంది, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

2020 ఆగస్టు 5న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కరోనాతో చెన్నైలో ఆసుపత్రిలో చేరారు. కంగారు పడవద్దని, ఎవరూ ఫోన్లు చేయవద్దని ఆయనే వీడియోలో నవ్వుతూ చెప్పారు. ఆ నెల 13 రాత్రి పరిస్థితి విషమించింది. 20వ తేదీ సాయంత్రం 6 గంటలకు, దర్శకుడు భారతీరాజా ఇచ్చిన పిలుపు మేరకు, ఇళయరాజా, రజనీకాంత్, కమల్ హాసన్, ఎ.ఆర్. రెహమాన్ మొదలైనవారితో పాటు లెక్కలేనంత మంది ఎక్కడివారక్కడే ఆయన పాటలు పెట్టుకుని ఆయన కోసం ప్రార్థించారు. వేదిక లేదు, టికెట్టు లేదు. ఇళ్ళలోనే జరిగిన కచేరీ అది. మా ఇంట్లోనూ పెట్టాం. ఆ సాయంత్రం నేను స్నేహితులకు పంపడానికి నాలుగు పేరాలు రాశాను. మొదటి వాక్యం ఇలా ఉంది: ‘బాలుగారు మా చిన్నతనాన్ని పాటతో నింపేవారు.’ పంపబోయే ముందు మా పెద్దక్కకు చదివి వినిపించాను. ఆమె చప్పున అడ్డుపడి, ‘ఆయన ఉన్నారు కదరా, నింపేవారు అంటావేంటి?’ అంది. నాకు చెయ్యి ఆడలేదు. తెలియకుండానే ఆయనను దాటించేశాను.

‘పాడేవారు’, ‘నవ్వించేవారు’, ‘అనేవారు’ అన్న క్రియలతో తెలుగులో మనం పోయినవాళ్ళను తలుచుకుంటాం. బతికున్న మనిషి గతాన్ని చెప్పడానికి కూడా అవి వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, కానీ ఆసుపత్రిలో ఉన్న మనిషి గురించి రాసినప్పుడు చదివేవారి గుండె ఒక్కసారి జారుతుంది. ‘పాడారు’, ‘పాడతారు’, ‘పాడుతున్నారు’ అని రాయండి. ఒక పాత సంఘటనను చెప్పవలసి వస్తే సంవత్సరం పెట్టి ‘1970లో బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బం విడుదల చేసింది’ అన్నట్టు చెప్పండి. అప్పుడు గతం ఆ సంఘటనకే పరిమితమవుతుంది, మనిషికి అంటుకోదు. రాయడం పూర్తయ్యాక కేవలం క్రియల కోసమే ఒకసారి మొదటినుంచి చదవండి.

క్రియల తర్వాత నామవాచకాలు. ఇంగ్లీషువాళ్ళు ట్రిబ్యూట్ అనే మాటను ఉన్నవారికీ పోయినవారికీ వాడుతారు. మన పత్రికలు దాన్ని అలవాటుగా ‘నివాళి’ అని అనువదిస్తాయి. నిజానికి నివాళి అంటే నిఘంటువుల్లో హారతి అనే అర్థం ఉంది, అది మంగళకరమైన మాటే. కానీ ఈ రోజు ‘ఫలానా గాయకుడికి ఘన నివాళి’ అన్న శీర్షిక చూసిన ఏ తెలుగు మనిషైనా ముందు చేసే పని ఆయన ఎప్పుడు పోయారోనని కంగారుగా వెతకడం. నిఘంటువు మన పక్షాన ఉన్నా పాఠకుడి కంగారే ముఖ్యం. కాబట్టి గౌరవ కచేరీ అనండి, స్వరనీరాజనం అనండి, సత్కార సభ అనండి. శ్రద్ధాంజలి, సంస్మరణ, ‘చిరస్మరణీయుడు’, ‘ఆయన లేని లోటు’, ‘మూగబోయిన గళం’ అన్నవాటిని దగ్గరికి రానివ్వకండి. ‘మళ్ళీ ఆయనను ఇలా చూస్తామో లేదో’ అన్న వాక్యం రాయాలని చెయ్యి చాలా లాగుతుంది. మీ భయం నిజమే కావచ్చు, కానీ అది మీ స్నేహితుడికి ఫోన్‌లో చెప్పుకోవలసినది. జబ్బు మనిషి మంచం పక్కన నిలబడి మనం పైకి అనే మాట కాదు.

ఆ కళాకారుణ్ణి ఎలా సంబోధించాలన్నది కూడా ఇక్కడే చూసుకోవాలి. మనం ఇష్టమైన గాయకుణ్ణి ఇంట్లో ‘మా బాలు’ అని ఏకవచనంలోనే అంటాం, అందులో అగౌరవం లేదు. రాతలో మాత్రం, ఆయన ఎదురుపడితే ఏమని పలకరిస్తారో అలాగే రాయండి. ‘బాలుగారూ, మీరు’ అని పిలిచేవారైతే చివరి వరకూ అలాగే ఉంచండి. మధ్యలో ఉద్వేగం పొంగి ‘నువ్వు దేవుడివయ్యా’ అన్నారంటే, ఆ మాట దేవుడి పటానికి చెందుతుంది గాని మంచం మీదున్న మనిషికి చెందదు.

జబ్బు గురించి ఎంత రాయాలి? ఆయనే చెప్పుకున్నంత, వేదిక మీద అందరికీ కనిపించినంత. ఓజీ కూర్చుని పాడారన్నది ఒక వాక్యంలో చెప్పవలసిన నిజం. చేతులు ఎలా వణికాయి, ముఖం ఎలా పీక్కుపోయింది అన్న వర్ణన అక్కర్లేదు. దగ్గరినుంచి తీసిన, కళాకారుడు అలసిపోయిన క్షణాన్ని పట్టిన వీడియో ముక్కలను పంచకండి. అవి వేగంగా తిరుగుతాయి, పాటను వెనక్కి నెట్టేస్తాయి. ఇంకెన్నాళ్ళు, ఏ దశ, ఏ మందు అన్న ఊహలు వైద్యులకు కూడా మనిషిని చూడకుండా తగనివి. బాలు విషయంలో 2020 ఆగస్టు 24న ఆయనకు కరోనా తగ్గిపోయిందన్న వార్త ఒక్కసారిగా అల్లుకుంటే, అది నిజం కాదని ఆయన కుమారుడు చరణ్ వచ్చి చెప్పవలసి వచ్చింది. తండ్రి ఐసీయూలో ఉన్న కొడుకుతో ఆ పని చేయించినది ప్రేమతో పంచిన ఒక శుభవార్తే అన్నది నేను మరచిపోలేను. కుటుంబం నుంచో, ఆసుపత్రి ప్రకటన నుంచో వచ్చినది తప్ప ఆరోగ్యం గురించి మరేదీ మీ రాతలో ఉండకూడదు, అది ఎంత మంచి వార్తయినా సరే.

విరాళాల అంకెలకూ ఇదే నియమం. విల్లా పార్క్ కచేరీ రాబడి క్యూర్ పార్కిన్సన్స్ సంస్థకు, బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రికి, తీవ్రమైన జబ్బులున్న పిల్లలను చూసుకునే ఏకార్న్స్ సంరక్షణ కేంద్రానికి వెళ్తుందని ముందే ప్రకటించారు. అంతవరకు రాయవచ్చు. కచేరీ అయిన కొద్ది రోజులకే 14 కోట్ల పౌండ్లు వచ్చాయన్న మాట ప్రపంచమంతా తిరిగింది. అసలు మొత్తం దానికి దరిదాపుల్లో కూడా లేదని ఓజీ భార్య షారన్ తర్వాత చెప్పారు.

గొంతు గురించి నిజం చెప్పాలా అని చాలామంది సందేహపడతారు. చెప్పాలి. 76 ఏళ్ళ వయసులో, ఆ జబ్బుతో, ఓజీ గొంతు 1970 నాటి గొంతులా ఉన్నదని రాస్తే చదివేవారు మిగతా మాటలను కూడా నమ్మరు, ఆయనకు కూడా ఆ పొగడ్త నచ్చదు. మన సంగీత సభల్లో ఈ విషయంలో ఒక మంచి అలవాటు ఉంది. వృద్ధ విద్వాంసుడు తారస్థాయికి వెళ్ళబోయి, ఊపిరి అందక, ఆ చివరి స్వరాన్ని వయొలిన్‌కు వదిలిపెట్టి ఊరుకున్నప్పుడు ముందు వరుసలోని రసికుడు ‘ఆహా’ అంటాడు. ఆ స్వరం ఎటు వెళ్ళబోయిందో అతనికి తెలుసు, వదిలిన చోటు కూడా అతనికి పాటే. అలా వినండి, అలాగే రాయండి. ఏ పాదాన్ని ఆయన పట్టి నిలిపారు, ఏ పాదాన్ని మైదానమంతా అందుకుని పాడింది, అప్పుడు ఆయన జనాన్ని ఎలా చూశారు అన్నది రాస్తే, గొంతు ఎంత మిగిలి ఉందో దాపరికం లేకుండానే, నొప్పించకుండానే తెలిసిపోతుంది.

గౌరవ కచేరీలో ఎక్కువసేపు పాడేది ఇతరులు. ఆ భాగాన్ని అభిమానులు రెండు ముక్కల్లో తేల్చేస్తారు, నాకు అది అన్యాయంగా తోస్తుంది. విల్లా పార్క్‌లో యంగ్‌బ్లడ్ అనే 27 ఏళ్ళ గాయకుడు, తాను పుట్టడానికి పాతికేళ్ళ ముందు, 1972లో వచ్చిన ‘చేంజెస్’ అన్న బ్లాక్ సబ్బత్ పాటను పాడితే, ఆ రోజు అందరూ పదేపదే తలుచుకున్న ఘట్టాల్లో అది ఒకటయింది. అలాంటప్పుడు ‘మూల గాయకుడి కంటే బాగా పాడాడు’ అన్న పోలిక మాత్రం చేయకండి; ఆ పాటను ఈ గొంతు ఏ వైపుకి తీసుకెళ్ళిందో చెప్పండి. వాద్యకారులనూ వదలవద్దు. బ్లాక్ సబ్బత్ గిటారిస్టు టోనీ అయోమీ కుర్రతనంలో కర్మాగారంలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ళ కొనలు పోగొట్టుకుని, ఆ వేళ్ళకు తానే తొడుగులు చేసుకుని, తీగలను వదులు చేసుకుని వాయించడం వల్లనే ఆ బరువైన నాదం రూపుదిద్దుకుంది. బిల్ వార్డ్ ఆ బృందంలోని మిగిలిన ముగ్గురితో కలిసి వాయించి అప్పటికి 20 ఏళ్ళు. ఈ వెనకటి కథ తెలిసినవారు రెండు వాక్యాల్లో చెబితే, కొత్తగా వినేవారికి ఆ నలుగురూ ఒక వేదిక మీద నిలవడం ఎందుకు అంత పెద్ద సంగతో అర్థమవుతుంది.

అసంతృప్తి ఉంటే దాన్ని నిర్వాహకుల పనికి పరిమితం చేయండి: ధ్వని సరిగా లేకపోవడం, ప్రసారం ఆగిపోవడం, టికెట్టు ధర. ఇతర అభిమానులు రాసినవాటికి జవాబిచ్చేటప్పుడు వారు ఏడ్చిన చోటును ప్రశ్నించకండి. మీకు కదలని పాటకు ఒకరు కదిలిపోయి ఉంటే, ఎందుకని అడిగి తెలుసుకోండి, చాలాసార్లు ఆ జవాబే అందరి స్పందనల్లోకీ మంచి భాగమవుతుంది.

రాసినది అయ్యాక పైన తేదీ వేయండి. ఒకవేళ ఆ కళాకారుడు ఆ తర్వాత వెళ్ళిపోతే, పాత రాతను తెరిచి ‘పాడతారు’ అన్నచోట ‘పాడేవారు’ అని దిద్దకండి, శీర్షికకు నివాళి అని తగిలించకండి. పోయిన తర్వాత రాయవలసినది వేరే కాగితం మీద, వేరే తేదీతో రాయండి. జులై 5 రాత్రి రాసిన వాక్యాల్లో ఓజీ ఇంకా సింహాసనం మీదే కూర్చుని, చేతులు పైకెత్తి జనాన్ని పాడమంటూనే ఉన్నారు.