ముసురు పట్టిన రోజున పాత చర్చి ఫోటో

మబ్బు కమ్మగానే కెమెరా సర్దేసుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పల్లెల్లోని పాత రాతి చర్చికి ఎండకన్నా ముసురే నప్పుతుంది. ఎండలో ఒక గోడ వెలిగిపోతుంటే పక్క గోడ నల్లబడిపోతుంది. మబ్బు పట్టినప్పుడు చుట్టూ ఒకటే వెలుతురు. రాళ్ల అతుకులు, ఊడిన సున్నం పెచ్చులు, చూరు కింద పాకిన నాచు అన్నీ కనిపిస్తాయి.

పేచీ అంతా ఆకాశంతోనే. మన కంటికి బూడిదరంగులో ఉన్నా, గోడకన్నా అది చాలా వెలుగు. గోడకు సరిపడా ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి రానిచ్చే వెలుతురు మోతాదు) పెడితే పైన తెల్లకాగితమే మిగులుతుంది. అందుకే నేను ముందు చూసేది చర్చిని కాదు, మబ్బుని. అందులో మడతలు, ముదురు లేత ఛాయలు లేకపోతే ఆకాశాన్ని ఫ్రేములోంచి తీసేయండి. గంట గోపురం కొన కావాల్సిందేనని పంతం పట్టకుండా తలుపు, దాని మీది కమాను, అరిగిన మెట్ల దగ్గరికి వెళ్లండి. మడతలుంటే మాత్రం ఫ్రేములో మూడింట రెండొంతులు మబ్బుకే ఇచ్చేయొచ్చు. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచుకున్న ఎక్స్‌పోజర్‌ని పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 0.7కో మైనస్ 1కో దించి, హిస్టోగ్రామ్ (ఫోటోలోని వెలుగునీడల గ్రాఫ్) కుడి అంచుకి గుద్దుకోకుండా చూసుకోండి. రా ఫైల్ (కెమెరా మెరుగులు దిద్దకుండా దాచే ముడి ఫైల్) అయితే గోడ నీడల్లోని వివరాలు తర్వాత పైకి తెచ్చుకోవచ్చు. గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ (పైభాగం మాత్రమే ముదురుగా ఉండే అద్దం) నేను వాడను, ఆకాశంతో పాటు గోపురం తల కూడా నల్లబడుతుంది.

ట్రైపాడ్, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం సైజు), ఐఎస్ఓ 100 (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి), రెండు సెకన్ల టైమర్. షట్టర్ నెమ్మదించినా చర్చి ఎక్కడికీ పోదు కదా!

కెమెరా పైకెత్తితే గోపురం వెనక్కి వాలినట్టు వస్తుంది. వెనక్కి జరిగి, కెమెరాని నిటారుగా పట్టండి. ముందుభాగంలోకి సమాధి రాళ్లు, తడి గడ్డి వచ్చి చేరతాయి, అదీ మంచిదే. ఇంకా వాలు మిగిలితే ఎడిటింగ్‌లో సరిచేయొచ్చు, దానికోసం అంచుల్లో కాస్త చోటు వదలండి.

వాన వెలిసిన వెంటనే తీయడం నాకిష్టం. తడిసిన రాయి రంగు ముదురుతుంది. లెన్స్ ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే పైకప్పు మీదా ఆకుల మీదా తెల్లటి మెరుపు తగ్గుతుంది, బదులుగా ఒకటి రెండు స్టాపుల వెలుతురు పోతుంది (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది). వైట్ బ్యాలెన్స్‌ని (ఫోటో రంగుల ఛాయని సర్దే సెట్టింగ్) క్లౌడీలో పెడితే ఫోటో పసుపెక్కి, ముసురు కళ పోతుంది. నేనైతే డేలైట్‌లోనే ఉంచి, కాస్త నీలి ఛాయని రానిస్తాను. లోపల దీపం వెలుగుతుంటే ఆ కిటికీ ఇంకా వెచ్చగా కనిపిస్తుంది.

లోపలికి వెళ్లాలంటే అడిగి వెళ్లండి. ప్రార్థన జరుగుతుంటే కెమెరా తీయొద్దు, ఫ్లాష్ ఎప్పుడూ వద్దు. రంగు అద్దాల కిటికీలకు మబ్బు వెలుతురు బాగా కుదురుతుంది. ఎక్స్‌పోజర్ అద్దానికే పెట్టండి, చుట్టూ గోడ చీకటైనా పర్లేదు.

ముసురులో సరిగ్గా కనిపించనివి సమాధుల మీది అక్షరాలే. చిన్న టార్చి ఉంటే రాతికి ఆనించినట్టు పక్కనుంచి వేయండి, అరిగిన అక్షరం కూడా నీడతో లేచి కనిపిస్తుంది.